లాసూట్ గిటార్ అని అమ్మిన ఇబానెజ్‌ని విప్పి చూస్తే: రెండు గిటార్ల కేస్ స్టడీ

పాత జపాన్ గిటార్ల బేరం ఎక్కడ జరిగినా ఒక మాట ఖచ్చితంగా వినపడుతుంది, "ఇది లాసూట్ గిటార్ బ్రో, దీని మీద గిబ్సన్ వాళ్లు కోర్టుకెళ్లారు, ఒరిజినల్ కన్నా ఇదే బాగుందని భయపడ్డారు" అని. ఆ మాట పడగానే రేటు పెరిగిపోతుంది. లాసూట్ అంటే కోర్టు కేసు, గిబ్సన్ అంటే లెస్ పాల్ అనే గిటార్ చేసే అమెరికా కంపెనీ, ఇబానెజ్ జపాన్ బ్రాండ్. నేను హైదరాబాద్‌లో గిటార్ రిపేర్ పని చేస్తా, ఫ్రెట్ వర్క్, వైరింగ్, సెటప్ అన్నీ. ఈ లాసూట్ మాట మీద నాకు చాలాకాలంగా ఒక అభిప్రాయం ఉంది గానీ చేత్తో పట్టుకుని చూపించడానికి సరైన కేసు దొరకలేదు. ఈసారి దొరికింది. ఒకే బ్రాండ్ పేరున్న రెండు గిటార్లు, మధ్యలో గట్టిగా పదేళ్లు కూడా తేడా లేదు, ఒకేసారి బెంచ్ మీదకొచ్చాయి. అందుకే మొత్తం వివరంగా రాస్తున్నా, పాత ఇబానెజ్ కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

తెచ్చింది న్యూజెర్సీలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒక కుర్రాడు. రెండూ అక్కడే సెకండ్‌హ్యాండ్‌లో ఒకాయన దగ్గర కొన్నాడు. మొదటిది లెస్ పాల్ కాపీ, సన్‌బర్స్ట్ రంగు, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) మీద ఇబానెజ్ అని ఉంది, హెడ్‌స్టాక్ పై అంచు అచ్చం గిబ్సన్‌దే, తెరిచిన పుస్తకం ఆకారం. వెనక ఎక్కడా సీరియల్ నంబర్ లేదు. రెండోది డబుల్ కటవే, అంటే నెక్ పక్కన రెండు వైపులా కోత ఉన్న బాడీ, మేపుల్ టాప్, ఆర్టిస్ట్ సిరీస్ ఏఆర్300, హెడ్‌స్టాక్ వెనక ఎఫ్80తో మొదలయ్యే నంబర్. "అన్నా, మొదటిదే లాసూట్‌ది, దానికే ఎక్కువ పెట్టా, రెండోది ఎవరూ అడగట్లేదని తక్కువలో ఇచ్చేశాడు" అన్నాడు.

కంప్లైంట్లు ఇవి. కాపీ గిటార్‌లో సన్న తీగ ఫ్రెట్‌బోర్డ్ అంచు మీంచి జారిపోతోంది, పై ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) దగ్గర యాక్షన్, అంటే తీగకీ ఫ్రెట్‌కీ మధ్య దూరం, ఎత్తు, ట్యూనింగ్ నిలవట్లేదు. ఆర్టిస్ట్‌లో స్విచ్‌లు గరగరమంటున్నాయి, నెక్ పికప్ (నెక్ వైపు ఉండే, తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్నట్టుండి పోతోంది, మొదటి ఐదారు ఫ్రెట్లు బాగా అరిగాయి, ఓపెన్ తీగలు బజ్ అవుతున్నాయి. అతను అడిగింది సూటిగా, "రెండిట్లో ఒకటి అమ్మేస్తా అన్నా, ఏది ఉంచుకోవాలో నువ్వే చెప్పు, ఉంచుకునేదానికి ఎంతైనా ఖర్చు పెడతా."

నేను వెంటనే చెప్పలేదు, ముందు విప్పాలి కదా. ఇంకా ముందు ఆ పేరు వెనకాల ఎవరున్నారో తెలియాలి, లేకపోతే లోపల కనిపించేవి అర్థం కావు.

ఇబానెజ్ అంటే ఎవరు

ఇబానెజ్ అనే కంపెనీకి ఒక పెద్ద ఫ్యాక్టరీ ఉంటుంది, అందులోంచి గిటార్లు వస్తాయి అని మనలో చాలామంది అనుకుంటారు. కథ అలా లేదు. 1908లో నగోయాలో హోషినో కుటుంబం నడిపే పుస్తకాల షాపులో సంగీత వాయిద్యాలు అమ్మడం మొదలైంది, అక్కణ్నుంచి హోషినో గక్కి పుట్టింది, గక్కి అంటే వాయిద్యాలు. 1929 ప్రాంతంలో వీళ్లు స్పెయిన్‌లోని వలెన్సియా నుంచి సాల్వడార్ ఇబానెజ్ పేరున్న క్లాసికల్ గిటార్లు తెప్పించి అమ్మారు. జపాన్‌లో వాటికి మంచి పేరొచ్చింది, ఆ తర్వాత సరుకు దొరకడం కష్టమయ్యేసరికి 1935 నుంచి అదే పేరు మీద జపాన్‌లోనే గిటార్లు తయారు చేయడం మొదలుపెట్టారు, మొదట ఇబానెజ్ సాల్వడార్ అని, తర్వాత ఉట్టి ఇబానెజ్ అని. అంటే ఒక జపాన్ కుటుంబం, స్పెయిన్ పేరు. యుద్ధంలో నగోయా మీద బాంబులు పడ్డాక వ్యాపారం మొత్తం పోయింది, 1955లో మళ్లీ ఎగుమతుల మీద దృష్టి పెట్టి లేచారు.

1962లో సొంతంగా టామా సెయిసకుషో అనే ఫ్యాక్టరీ పెట్టి ఎలక్ట్రిక్ గిటార్లు, ఆంప్‌లు చేశారు గానీ కొన్నేళ్లకే అక్కడ గిటార్లు ఆపేసి బయట చేయించుకోవడం మొదలుపెట్టారు. టామా ఆ కుటుంబంలో ఒకావిడ పేరు, డ్రమ్స్ వాయించేవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు, ఆ డ్రమ్స్ కూడా వీళ్లవే.

సరే, బయట చేయించుకున్నారు అన్నా కదా, ఎవరి దగ్గర? అసలు విషయం ఇక్కడుంది. నగానో ప్రాంతంలో మాట్సుమోటో అనే ఊరు, చుట్టూ కొండలు, సముద్రానికి దూరం, జపాన్‌లో మిగతా చోట్లతో పోలిస్తే గాలిలో తేమ తక్కువ, చెక్క ఆరబెట్టుకోవడానికి అనువైన చోటు, ముందునుంచీ ఫర్నిచర్ పని ఉన్న ఊరు. 1960లో యుఇచిరో యోకోఉచి, యుతాకా మిమురా కలిసి అక్కడ ఫుజిజెన్ గక్కి మొదలుపెట్టారు. మొదట క్లాసికల్ గిటార్లు, 1962 నుంచి ఎలక్ట్రిక్. అదే ఊళ్లో మాట్సుమోకు అని ఇంకో ఫ్యాక్టరీ ఉండేది, కుట్టుమిషన్లకి చెక్క క్యాబినెట్లు చేసిన వాళ్లు, తర్వాత ఆరియా లాంటి బ్రాండ్లకి గిటార్లు చేసి 1987లో మూతపడ్డారు. అంటే చెక్క పని చేతిలో ఉన్న మనుషులు ఊరి నిండా ఉన్నారు, ఎలక్ట్రిక్ గిటార్ అనే కొత్త వస్తువు వచ్చినప్పుడు ఆ చేతులు దానివైపు తిరిగాయి.

1965లో వెంచర్స్ బ్యాండ్ జపాన్ టూర్ తర్వాత దేశం మొత్తం ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి పట్టింది, పదుల కొద్దీ కంపెనీలు పుట్టాయి, రెండు మూడేళ్లలో ఆ గాలి తగ్గేసరికి చాలామంది మునిగారు, టెయిస్కో లాంటి పెద్ద పేరు కూడా 1967లో కవాయ్ చేతికి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు బతకడానికి అమెరికా మార్కెట్ ఏం అడుగుతోందో అది చేశారు. అమెరికా కుర్రాళ్లు అడిగింది లెస్ పాల్ లాగా కనిపించేది, తక్కువ రేటులో. 1970 ప్రాంతం నుంచి హోషినోకి ఫుజిజెన్ చేసి ఇచ్చినవి ఇవే.

కాపీ గిటార్ లోపల

ఇప్పుడు మొదటి గిటార్. తీగలు తీసేసి టాప్ మీద వేలితో అక్కడక్కడా తట్టా, మధ్యలో గట్టి శబ్దం, పక్కలకి వెళ్లేకొద్దీ డొల్ల శబ్దం. పికప్ తీసి కావిటీలోకి లైట్ వేసి చూస్తే సంగతి తెలిసింది. అసలు లెస్ పాల్‌లో మహాగనీ మీద మందపాటి మేపుల్ ముక్క అంటించి, దాన్ని చెక్కి వంపు తెస్తారు. ఇందులో వంపు చెక్కింది కాదు, సన్న ప్లైవుడ్‌ని ప్రెస్‌లో వంచి మీద అంటించారు, దాని కింద రెండు పక్కలా ఖాళీ. కావిటీ అంచులో పొరలు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టొచ్చు. 70ల మొదట్లో వచ్చిన జపాన్ కాపీల్లో ఇది మామూలే, చెక్కే పని, ఖరీదైన మేపుల్, రెండూ మిగులుతాయి.

నెక్ అంటించలేదు, వెనక ప్లేట్ పెట్టి నాలుగు స్క్రూలతో బిగించారు. గిబ్సన్ లెస్ పాల్ ఎప్పుడూ సెట్ నెక్, అంటే నెక్‌ని బాడీలోకి దింపి జిగురుతో అంటిస్తారు. ముందునుంచి చూస్తే రెండూ ఒకటే, వెనక్కి తిప్పితే వేరే గిటార్. బోల్ట్ ఆన్ తప్పు అని నేను అనట్లేదు, ఫెండర్ మొత్తం దాని మీదే నడిచింది, కానీ ఒక డిజైన్‌ని చూసి బయటి ఆకారం మాత్రమే తీసుకుంటే లోపల లెక్కలు కలవవు, ఈ గిటార్‌లో మూడు కంప్లైంట్లూ అక్కణ్నుంచే పుట్టాయి.

నెక్ విప్పగానే పాకెట్‌లో మడతపెట్టిన అట్టముక్కలు బయటపడ్డాయి, ఒక చివర మాత్రమే. ఎవరో యాక్షన్ తగ్గించడానికి పెట్టారు. ఒక చివరే ఎత్తు పెట్టి స్క్రూలు బిగిస్తే నెక్ మడమ భాగం ఏళ్ల తరబడి ఖాళీ మీద వంగి, చివరి ఫ్రెట్లు పైకి లేస్తాయి, దాంతో పైన యాక్షన్ సరిచేయబోయి ఇంకా చెడగొట్టినట్టవుతుంది. పాకెట్ కూడా నెక్ కన్నా ఒక మిల్లీమీటర్ దాకా వెడల్పు, కాబట్టి నెక్ పక్కకి కదులుతోంది, సన్న తీగ జారేది అందుకే. ఇంకోటి, బాడీలో స్క్రూ హోల్స్ బిగుతుగా ఉండి స్క్రూ మరలు బాడీని కూడా పట్టుకుంటున్నాయి. ఇది చాలామంది గమనించరు. స్క్రూ బాడీలో ఫ్రీగా జారి నెక్‌లో మాత్రమే పట్టుకోవాలి, అప్పుడే రెంటినీ దగ్గరకి లాగుతుంది. రెంట్లోనూ పట్టుకుంటే మధ్యలో సన్న సందు అలాగే మిగిలిపోతుంది, ఎంత బిగించినా లాభం లేదు, ట్యూనింగ్ ఎలా నిలుస్తుంది.

పికప్‌ల గురించి ఒక మాట. ఆ కాలపు చవక కాపీల్లో మెటల్ కవర్ చూసి హంబకర్, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్, అనుకుంటాం, లోపల సింగిల్ కాయిలే ఉంటుంది. విప్పకుండా తెలుసుకోవాలంటే ఆంప్ ఆన్ చేసి చిన్న స్క్రూడ్రైవర్‌తో కవర్ మీద రెండు వరసల దగ్గరా మెల్లగా తట్టండి, రెండు వైపులా ఒకేలా గట్టిగా మోగితే రెండు కాయిల్స్ ఉన్నట్టు. ఇందులో రెండూ ఉన్నాయి, పని చేస్తున్నాయి, మంచిదే. కానీ ఆ డొల్ల టాప్ వల్ల గెయిన్ (ఆంప్‌లో సిగ్నల్ బలం) పెంచగానే గిటార్ కూత పెడుతోంది, దానికి నేను చేయగలిగింది పెద్దగా లేదు.

ఫ్రెట్లు సన్నం, ఎత్తు తక్కువ, అయినా చివర్లు చాలా నీట్‌గా ఉన్నాయి, బైండింగ్ ఎక్కడా ఊడలేదు, నెక్ యాభై ఏళ్ల తర్వాత కూడా మెలి తిరగలేదు. ఆ చేతిపని చూస్తే నాకు నిజంగా గౌరవం కలిగింది. చెప్పిన పని శుభ్రంగా చేశారు, వాళ్లకి చెప్పిన పని రేటు తగ్గించమని, అంతే.

అసలు కేసు ఏంటి

ఫిలడెల్ఫియా పక్కన హ్యారీ రోజెన్‌బ్లూమ్ అనే ఆయనకి బ్రిన్ మార్‌లో మెడ్లీ మ్యూజిక్ అని షాపు ఉండేది, ఆర్డ్‌మోర్‌లో ఎల్గర్ పేరుతో సొంతంగా అకూస్టిక్ గిటార్లు కూడా చేసేవాడు. 60ల మధ్యలో సొంత తయారీ ఆపేసి హోషినో గిటార్లు దిగుమతి చేసుకోవడం మొదలుపెట్టాడు, 1972లో హోషినో వాళ్లు ఎల్గర్‌లో భాగస్వాములయ్యారు. హోషినోకి అమెరికాలో సొంత కాలు దొరికింది అన్నమాట. ఆ ఆఫీసులో జెఫ్ హాసెల్‌బర్గర్ లాంటి వాళ్లు ఉండేవాళ్లు, గిటార్ వాయించేవాళ్లతో మాట్లాడి, ఏం బాగోలేదో తెలుసుకుని జపాన్‌కి రాసి పంపేవాళ్లు. నా లెక్కలో ఇబానెజ్‌ని మార్చింది ఈ ఉత్తరాల రాకపోకలే, కోర్టు కాదు.

అటువైపు అమెరికా పెద్ద కంపెనీల పరిస్థితి చూస్తే, ఫెండర్‌ని 1965లో సీబీఎస్ కొనేసింది, గిబ్సన్ 1969లో చేతులు మారి తర్వాత నార్లిన్ కిందకి వచ్చింది. ఆ రోజుల్లో గిబ్సన్ వాళ్లే లెస్ పాల్ బాడీని ఒకే చెక్కలో కాకుండా పొరలుగా అంటించి చేసేవాళ్లు, వాయించేవాళ్లు గొణుక్కునేవాళ్లు. అదే సమయంలో జపాన్ కాపీలు ఏటికేడు మెరుగయ్యాయి, చివర్లో వచ్చిన కొన్ని మోడల్స్‌లో సెట్ నెక్ కూడా పెట్టారు.

1977 జూన్ 28న నార్లిన్ ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో ఎల్గర్ మీద కేసు వేసింది. విషయం హెడ్‌స్టాక్, ఆ తెరిచిన పుస్తకం ఆకారం మాది, దాన్ని వాడకూడదు అని. క్వాలిటీ గురించి కాదు, బాడీ ఆకారం గురించీ కాదు. ఇంకా ముఖ్యమైన సంగతి, కేసు పడే నాటికే ఇబానెజ్ ఆ హెడ్‌స్టాక్ మార్చేసింది, 1976 నాటికే కొత్త ఆకారం వచ్చేసింది. 1978 మొదట్లో కోర్టు బయట రాజీ కుదిరింది, గిబ్సన్ హెడ్‌స్టాక్ వాడం, వాళ్ల పేర్లకి దగ్గరగా ఉండే పేర్లు పెట్టం అని ఎల్గర్ ఒప్పుకుంది, అయిపోయింది. తీర్పు లేదు, ఇది దానికన్నా బాగుంది అని ఏ జడ్జీ చెప్పలేదు.

ఈ కేసు ఒక్క ఎల్గర్ మీద. కానీ ఇప్పుడు మార్కెట్‌లో టోకై, గ్రెకో, బర్నీ, పేరు కూడా లేని గిటార్లు, 70ల్లో జపాన్‌లో పుట్టిన ప్రతిదీ లాసూటే. మా కుర్రాడి గిటార్ 1975కి ముందుది అని సీరియల్ లేకపోవడం చెబుతోంది, ఎందుకంటే 1975 నుంచే ఇబానెజ్ సీరియల్ నంబర్లు వేయడం మొదలైంది. కాబట్టి ఆ హెడ్‌స్టాక్ ఆకారం వరకు అది గొడవకి సంబంధించిందే, ఒప్పుకుంటా. కానీ ఆ ఆకారం వల్ల ప్లైవుడ్ టాప్ మేపుల్ అయిపోదు కదా.

ఆర్టిస్ట్ లోపల

రెండోదాని సీరియల్ ఎఫ్80. ఇక్కడ చాలామంది ఎఫ్ అంటే ఫుజిజెన్ అనుకుంటారు, ఈ కాలం గిటార్లకి అది తప్పు. 1975 నుంచి 1986 దాకా ముందుండే అక్షరం నెల, ఏ జనవరి, బీ ఫిబ్రవరి, అలా ఎల్ డిసెంబర్, తర్వాతి రెండు అంకెలు సంవత్సరం. కాబట్టి ఇది 1980 జూన్. ఎఫ్ అంటే ఫుజిజెన్ అనే అర్థం 1987 నుంచి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకుంటే 1980 గిటార్‌ని వేరే ఏడాదిదని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర మోసపోరు.

ఆర్టిస్ట్ సిరీస్ 70ల మధ్యలోనే ఉంది, అంటే ఒక పక్క కాపీలు అమ్ముతూనే ఇంకో పక్క సొంత గిటార్ వండుతున్నారు. రెండు కొమ్ములు సమానంగా ఉండే డబుల్ కటవే, పై ఫ్రెట్లకి చెయ్యి హాయిగా వెళ్తుంది, లెస్ పాల్‌లో వాయించేవాళ్లు పడే ఇబ్బంది ఏంటో తెలిసి చేసిన ఆకారం. 1980 నాటికి ఏం చేర్చారో చూడండి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) విప్పా, మామూలుగా ఐతే రెండు పోస్టులు చెక్కలోకి దిగి ఉంటాయి, ఇందులో బ్రిడ్జ్ కింద టాప్‌లో ఒక ఇత్తడి దిమ్మ దింపారు, పోస్టులు అందులోకి ఎక్కుతాయి. తీగ లాగినప్పుడు పోస్టు వాలడం అనే ప్రశ్నే లేదు, నలభై ఏళ్లు దాటినా నిటారుగా ఉంది. నట్, అంటే నెక్ పైచివర తీగలు ఆనే ముక్క, సగం ఎముక, సగం ఇత్తడి. టెయిల్‌పీస్‌లో తీగని దూర్చక్కర్లేదు, పైనుంచి తగిలిస్తే చాలు. నెక్ అంటించింది, మడమ దగ్గర నున్నగా చెక్కారు. టాప్ నిజమైన మేపుల్, చెక్కింది. చేతిలోకి తీసుకుంటేనే బరువు తెలుస్తుంది.

పికప్‌లు సూపర్ 58, వీటిని చేసింది నిషిన్ ఒన్పా అనే కంపెనీ, మాట్సుమోటోలోనే, మాక్సన్ అనే పేరుతో మనకి తెలిసినవాళ్లు. ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ ఉంది కదా, ఆకుపచ్చది, అది మొదట చేసింది కూడా వీళ్లే. అంటే గిటార్, పికప్, పెడల్, అన్నీ ఒకే ఊరి చుట్టూ.

ఇక మాయమయ్యే నెక్ పికప్. ఇందులో ట్రై సౌండ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, మూడు పొజిషన్లు, హంబకర్‌లోని రెండు కాయిల్స్‌ని సిరీస్‌లో, ఒక్కటే, ప్యారలల్‌లో. మీటర్ పెట్టా. లెక్క ప్రకారం ఒక్కో కాయిల్ దగ్గరదగ్గర నాలుగు కిలో ఓమ్‌లు ఐతే సిరీస్‌లో ఎనిమిది, సింగిల్‌లో నాలుగు, ప్యారలల్‌లో రెండు రావాలి. బ్రిడ్జ్ పికప్ సరిగ్గా అలాగే చదివింది. నెక్ పికప్ సిరీస్‌లో అసలు రీడింగ్ లేదు, సింగిల్‌లో నాలుగు, ప్యారలల్‌లో కూడా నాలుగే. దీన్నిబట్టి ఒక కాయిల్ బాగుంది, రెండో కాయిల్ దారి ఎక్కడో తెగింది అని తేలింది. కాయిల్ లోపలే తెగి ఉంటే రీవైండింగ్, పెద్ద పని, పికప్ విలువ కూడా పడిపోతుంది. అందుకే పికప్ జోలికి పోకుండా ముందు స్విచ్ వెనక చూశా, ఒక లగ్ దగ్గర టంకం పొడిబారి వైర్ చుట్టూ సన్న గీతలా పగులు కనిపించింది, వైర్ కదిపితే రీడింగ్ వచ్చి పోతోంది. పాత టంకం తీసేసి కొత్తది వేశా, మళ్లీ మీటర్ పెట్టా, ఎనిమిది, నాలుగు, రెండు. ఆ మూడు అంకెలు వరసగా వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

పాట్స్, అంటే వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు, మార్చేయమని కుర్రాడు అన్నాడు, అమెరికన్‌వి మంచివంట కదా అని. వద్దన్నా. జపాన్ పాట్ బుషింగ్ సన్నం, అమెరికన్‌ది మూడు బై ఎనిమిది అంగుళం, అది పట్టాలంటే మేపుల్ టాప్‌లో హోల్ పెద్దది చేయాలి, ఒకసారి డ్రిల్ పడితే తిరిగి రాదు. నాబ్స్ కూడా ఎక్కవు, అక్కడ షాఫ్ట్‌కి 24 పళ్లు, ఇక్కడ 18. క్లీనర్ కొట్టి తిప్పితే గరగర మొత్తం పోయింది, ఇంకేం కావాలి.

ఫ్రెట్లు లెవెల్ చేసి క్రౌన్ చేశా, అంటే పై అంచు మళ్లీ గుండ్రం చేశా, రీఫ్రెట్ అక్కర్లేనంత ఎత్తు ఇంకా మిగిలింది. నట్ స్లాట్లు లోతుగా అరిగి ఓపెన్ తీగలు బజ్ అవుతున్నాయి, ఉట్టి ఎముక ఐతే పొడి, జిగురు పెట్టి నింపేవాణ్ని, ఇత్తడి సగంలో అది నిలవదు. కొత్త నట్ వేస్తే గిటార్‌కున్న ఒక గుర్తు పోతుంది. అందుకని నట్‌ని జాగ్రత్తగా ఊడదీసి అడుగున సన్న మేపుల్ పొర అంటించి మళ్లీ కూర్చోబెట్టా, స్లాట్లు కొత్త ఎత్తుకి ఫైల్ చేశా.

ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీకి ఏమైంది

ఇది చెప్పకపోతే కథ సగమే. కాపీలతో మొదలైన ఫుజిజెన్ దగ్గరకి చివరికి ఒరిజినల్ వాళ్లే వచ్చారు. 1982లో ఫెండర్ జపాన్ పెట్టినప్పుడు, కంద షోకాయ్, యమనో గక్కి భాగస్వాములు, గిటార్లు చేయడానికి ఎంచుకున్నది ఫుజిజెన్‌నే. ఆ మొదటి గిటార్ల మీద సీరియల్ జేవీతో మొదలవుతుంది, ఈరోజుకీ జేవీ కనబడితే వాయించేవాళ్లు వదలరు. గ్రెకో కూడా వీళ్ల చేతిలోంచే వచ్చేది, 1977లో రోలాండ్ వాళ్లతో కలిసి గిటార్ సింథసైజర్‌కి గిటార్లూ చేశారు.

హోషినో వైపు చూస్తే, జాజ్ గిటారిస్ట్ జార్జ్ బెన్సన్‌తో కూర్చుని జీబీ10 అనే జాజ్ గిటార్ చేశారు, 70ల చివర్లో వచ్చింది, ఫీడ్‌బ్యాక్ రాకుండా చిన్న బాడీ, టాప్‌కి తగలకుండా తేలే పికప్‌లు, అప్పట్నుంచి ఇప్పటిదాకా లైన్‌లో ఉంది. 1987లో గిటారిస్ట్ స్టీవ్ వై పేరు మీద జెమ్ అనే మోడల్ వచ్చింది, దాని అన్నదమ్ముడు ఆర్జీ, సన్న నెక్, ఎడ్జ్ ట్రెమొలో, తర్వాత 1990లో యూనివర్స్ అనే ఏడు తీగల గిటార్. మెటల్ వాయించే కుర్రాళ్లు మన దగ్గర ఈరోజు ఆర్జీ అడుగుతున్నారంటే దాని మూలం అక్కడుంది. 1985 తర్వాత యెన్ విలువ బాగా పెరిగి జపాన్‌లో చవక గిటార్లు చేయడం గిట్టుబాటు కాలేదు, అందుకే కింది రేటువి కొరియాకి, తర్వాత ఇండోనేషియా, చైనాకి వెళ్లాయి, మన షాపుల్లో కనిపించే గియో ఆ బాపతే. పైస్థాయి ప్రెస్టీజ్, జే కస్టమ్ మాత్రం జపాన్‌లోనే ఉండిపోయాయి. ఫుజిజెన్ ఇప్పుడు ఎఫ్‌జీఎన్ అని సొంత పేరు మీద కూడా అమ్ముతోంది, ఫ్రెట్లని కొద్దిగా వంపుతో కోసి ప్రతి తీగకీ లంబంగా వచ్చేలా చేసే పద్ధతి వాళ్లదే.

ఇంత చెప్పింది ఎందుకంటే, 1975కి ముందు గిటార్‌కీ 1980 గిటార్‌కీ మధ్య జరిగింది కోర్టు భయం అని నేను నమ్మను. మొదటిదాంట్లో ప్రతి నిర్ణయం ఇంకొకరి ఆకారాన్ని తక్కువ ఖర్చులో ఎలా తేవాలి అనే చోట ఆగింది. రెండోదాంట్లో ఇత్తడి దిమ్మ, ట్రై సౌండ్ స్విచ్, కొమ్ముల ఆకారం, ప్రతిదీ వాయించేవాడి ఇబ్బంది దగ్గర మొదలైంది. ఈ మార్పు కేసు పడకముందే నడుస్తోంది. మార్కెట్ మాత్రం మొదటిదానికి ఎక్కువ కట్టి రెండోదాన్ని పక్కన పెట్టింది, నాకు ఇది బాధగానే ఉంటుంది.

చేసిన పని, చివరి మాట

కాపీ గిటార్‌ని కూడా వదిలేయలేదు. అట్టముక్కలు తీసేసి పాకెట్ మొత్తం పరుచుకునేలా ఒక చివర మందం, ఒక చివర పల్చన ఉండే మేపుల్ షిమ్ చేశా. బాడీ హోల్స్ స్క్రూ జారేంత పెద్దవి చేశా, నెక్‌లో పాత హోల్స్‌ని గట్టి చెక్క డవెల్స్‌తో మూసి, నెక్ మధ్యలోకి వచ్చేలా కొత్తగా వేశా. పాకెట్ పక్క సందులో సన్న చెక్క పొర అంటించా. ఇప్పుడు తీగ జారదు, ట్యూనింగ్ నిలుస్తోంది, పన్నెండో ఫ్రెట్ దగ్గర యాక్షన్ రెండు మిల్లీమీటర్లకి వచ్చింది. ఇంకా కిందకి దింపితే లేచిన చివరి ఫ్రెట్ల దగ్గర బజ్ అవుతోంది, ఆ ఫ్రెట్లు మొత్తం పీకి బోర్డు రుద్దడానికి అయ్యే ఖర్చు ఈ గిటార్‌కి తగదని చెప్పా.

ఆర్టిస్ట్ ఉంచుకోమన్నా. కుర్రాడు ముందు ఒప్పుకోలేదు, "ఎక్కువ పెట్టిందాన్ని ఎలా అమ్మను అన్నా" అన్నాడు. అప్పుడు రెండూ ఒకే ఆంప్‌లో, ఒకే సెట్టింగ్‌లో, పాట కూడా ఒకటే వాయించమన్నా. కాపీని సగంలోనే ఆపేశాడు, ఆర్టిస్ట్‌ని చేతిలోంచి దించలేదు, స్విచ్ ప్యారలల్‌లో పెట్టి క్లీన్‌లో చాలాసేపు వాయించుకున్నాడు.

కాపీని అమ్మే ప్రకటన నేనే దగ్గరుండి రాయించా: 70ల మొదటి భాగం, మేడ్ ఇన్ జపాన్, బోల్ట్ ఆన్ నెక్, ప్రెస్ చేసిన ప్లై టాప్, నెక్ పాకెట్ రిపేర్ అయింది, గెయిన్ ఎక్కువ పెడితే కూస్తుంది. పెట్టిన డబ్బులన్నీ రాలేదు. కొన్నది స్లైడ్ వాయించే ఒకాయన, ఆయనకి యాక్షన్ ఎత్తుగానే కావాలి, క్లీన్ టోన్‌కి ఆ డొల్ల శబ్దం నచ్చింది. ఆర్టిస్ట్‌కి నేను ఇంకా బాకీ ఉన్నది ఒక్క టోన్ నాబ్, అంచు విరిగింది, 18 పళ్లది అదే రంగులో వెతుకుతున్నా.